టాంప్‌కిన్స్ కౌంటీలో తోట వేయాలంటే ముందు గొయ్యి తవ్వండి

అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రపు టాంప్‌కిన్స్ కౌంటీలోని ఇథాకాలో ఏప్రిల్‌లో ఏదో ఒక ఆదివారం ఉన్నట్టుండి ఎండ కాస్తుంది. అయిదారు నెలలు చలికోట్లలో మగ్గిన ప్రాణాలు కదా, మనవాళ్లు దాచుకున్న బెండ గింజలూ గోంగూర గింజలూ తీసుకుని పెరట్లోకి దిగుతారు. మొదటి ఏడు నేనూ అలాగే దిగాను. రెండు వారాలు ఎదురుచూసి వేలితో గెలికితే గింజలు మెత్తగా చిదిగిపోయాయి. ఈ చలిదేశంలో ఇంతేలే అనుకున్నాను. మా ఇల్లు డాన్‌బీ వైపు కొండ మీద ఉంటుంది. తర్వాత ఎందుకో పార పెట్టి లోతుగా తవ్వితే ఒకటిన్నర అడుగు దగ్గర ఠంగుమంది. ఆ గట్టి పొర మీద నీళ్లు నిలబడి ఉన్నాయి. నా గింజల్ని చలి ఒక్కటే చంపలేదు, నీళ్లలో నానబెట్టి మరీ చంపింది.

అప్పటినుంచి ఈ కౌంటీలో తోట వేస్తానని ఎవరొచ్చినా నేను గింజల మాట ఎత్తను. చలిని మీరూ నేనూ మార్చలేం. అడుగున నిలిచే నీటి సంగతి చూసుకుంటే మాత్రం ఇక్కడి కురచ వేసవి మనకు రెండు మూడు వారాలు కలిసొస్తుంది. వరసగా ఏం చేయాలో చెబుతాను.

మీ నేల పేరు కనుక్కోండి

టాంప్‌కిన్స్ కౌంటీ న్యూయార్క్ రాష్ట్రం నడుమన, కయుగా సరస్సు దక్షిణపు కొసన ఉంది. కార్నెల్ యూనివర్సిటీ వల్ల ఇథాకా పేరు మనకు తెలుసు గానీ ఊరు దాటి పది నిమిషాలు పోతే అంతా పాడి పొలాలు, గడ్డి బీళ్లు, అడవి. ఈ చిన్న కౌంటీలోనే రెండు వేరువేరు దేశాలున్నాయా అనిపించేంత తేడా నేలల్లో ఉంది. కారణం మంచు. వెనకటి హిమయుగంలో ఉత్తరం నుంచి దిగిన మంచు పలకలు దారిలో సున్నపురాయిని గీరి, పిండి చేసి, ఈడ్చుకొచ్చాయి. ఆ పిండి కౌంటీ ఉత్తర భాగంలో, లాన్సింగ్, యులిసిస్ వైపు దండిగా పడింది. దక్షిణాన డాన్‌బీ, న్యూఫీల్డ్, కారొలైన్ కొండలకు వచ్చేసరికి సున్నం పలచబడిపోయింది. అక్కడ మిగిలింది ఆ కొండల సొంత సరుకే: పలకరాయి, ఇసుకరాయి, వాటి పొడి.

అందుకే ఉత్తరాన హనియోయ్, లైమా అనే నేలలు. హనియోయ్‌ని న్యూయార్క్ రాష్ట్రపు ప్రతినిధి నేలగా చెబుతారు. లోతైన గరప నేల, అడుగున సున్నం, నీరు చక్కగా ఇంకుతుంది. దక్షిణాన మార్డిన్, వొలూసియా, లార్డ్స్‌టౌన్. ఇవి పుల్లటి (ఆమ్ల) నేలలు, చేతికి చిన్న చిన్న పలకరాళ్లు తగులుతూ ఉంటాయి. లోయల అడుగున కొన్నిచోట్ల హవర్డ్ అనే గులక నేల ఉంటుంది. అందులో పోసిన నీళ్లు పోసినట్టే దిగిపోతాయి. సరస్సు ఒడ్డు చుట్టుపక్కల పాత సరస్సు అడుగున పేరుకున్న బంకమట్టి, హడ్సన్, రైన్‌బెక్ అనే పేర్లతో. మన రేగడిని గుర్తు చేసే జిగట.

మీది ఏదో తెలుసుకోవడానికి పైసా ఖర్చు లేదు. అమెరికా వ్యవసాయ శాఖ నడిపే వెబ్ సాయిల్ సర్వే తెరిచి, మీ చిరునామా కొట్టి, పెరడు చుట్టూ గీత గీస్తే నేల పేరు వస్తుంది. పేరు చివర అక్షరం వాలును చెబుతుంది: ఎ అంటే దాదాపు చదును, బి అంటే కొద్దిపాటి వాలు, సి అంటే గట్టి వాలు. ఒక్క హెచ్చరిక. ఆ పటం పొలాల లెక్కన గీసింది. మీ ఇల్లు కొత్తదైతే కట్టినవాళ్లు పై మట్టి ఎత్తుకుపోయి, పునాది మట్టి పరిచి, పైన నాలుగంగుళాల నల్లమట్టి చల్లి గడ్డి పరిచి ఉండొచ్చు. పటంలో హనియోయ్ అని ఉన్నా మీ పెరట్లో ఉన్నది మేస్త్రీ నేల.

ఇక గొయ్యి

దీన్ని దాటేయాలనిపిస్తుంది, దాటేయకండి. తవ్వే ముందు 811కి ఫోన్ చేయండి. గ్యాస్ గొట్టాలు, కరెంటు తీగలు ఎక్కడ ఉన్నాయో ఉచితంగా వచ్చి రంగు గుర్తులు పెట్టి వెళతారు.

మంచు కరిగి, నేల మరీ బురదగా లేని రోజు చూసుకుని రెండడుగుల లోతు, పార తిరిగేంత వెడల్పు గొయ్యి తీయండి. తీసిన మట్టిని ఒకే కుప్పగా పోయకుండా లోతు వరసలో పక్కన గుడ్డ మీద పేర్చండి. ఇప్పుడు గొయ్యి గోడవైపు చూడండి.

పైన ముదురు గోధుమరంగు మట్టి ఎంత మందం ఉంది? ఆరంగుళాలకు తక్కువైతే తోటకు పెంట ఎక్కువ కావాలని అర్థం. దాని కింద మట్టి ఒకే రంగులో ఉందా, లేక బూడిదరంగు మీద తుప్పు మచ్చలు కనిపిస్తున్నాయా? ఆ మచ్చలే అసలు సాక్ష్యం. ఏటా కొన్ని వారాలు నీరు నిలిచి, గాలి ఆడక, ఇనుము ఒకచోట కరిగి ఇంకోచోట తుప్పుగా పేరుకుంటేనే అవి వస్తాయి. మీరు ఆగస్టులో తవ్వి నేల ఎండిపోయి కనిపించినా, మచ్చలు ఎనిమిది అంగుళాల దగ్గర ఉంటే ఏప్రిల్‌లో నీరు ఎనిమిది అంగుళాల దాకా వచ్చి నిలబడుతున్నట్టే.

ఆ తర్వాత గట్టిపొర. మార్డిన్, వొలూసియా నేలల్లో అడుగు నుంచి రెండడుగుల లోపు ఎక్కడో ఒకచోట గునపం ఎగిరిపడుతుంది. ఫ్రాజిపాన్ అంటారు దాన్ని. బండరాయేమీ కాదు, ఒక పెళ్ల తీసి నీళ్లలో వేస్తే విడిపోతుంది. నేలలో ఉన్నంతసేపు మాత్రం ఇటుకలా ఉంటుంది. వేళ్లు దాన్ని దాటలేవు, పగుళ్లు దొరికితే ఒకటీ అరా దూరతాయి. నీరు దాని మీదే ఆగి, వాలు వెంబడి పక్కకు పాకుతుంది. మన రేగడి ఎండాకాలం నెర్రెలిచ్చి తనను తానే దున్నుకుంటుంది, ఈ పొరకు ఆ గుణం లేదు. యంత్రంతో లోతుగా చీల్చినా నాలుగు రోజులకు మళ్లీ సర్దుకుని బిగుస్తుంది. దాని మీద డబ్బు పెట్టకండి.

ఈ పొర వల్లే దక్షిణపు కొండల వాళ్లకు ఒక వింత కష్టం. ఏప్రిల్, మే నెలల్లో మడిలో బూటు దిగబడుతుంది. అదే మడి ఆగస్టులో పది రోజులు వాన లేకపోతే వాడిపోతుంది. వేళ్లకు దక్కింది పై అడుగున్నర మట్టే కాబట్టి దాని చెమ్మ అయిపోగానే మొక్కకు గతి లేదు. ఇక్కడ ఏడాదికి సుమారు 37 అంగుళాలు, అంటే 940 మిల్లీమీటర్ల వాన, మంచు కలిపి పడుతుంది. మన కోస్తాలో చాలా చోట్ల పడేదీ ఇంచుమించు అంతే. కాకపోతే ఇక్కడ అది పన్నెండు నెలలకూ పంచినట్టు పడుతుంది, చలినెలల్లో ఆవిరైపోయేది తక్కువ. వసంతం వచ్చేసరికి నేల తొట్టిలా నిండి ఉంటుంది.

గొయ్యి తీశారు కాబట్టి నీటి పరీక్ష కూడా అయిపోనివ్వండి. పక్కనే అడుగు లోతు చిన్న గుంట తీసి, నిండా నీళ్లు పోసి, ఇంకనివ్వండి. మళ్లీ నింపి గంటకు ఎంత దిగిందో పుల్లతో కొలవండి. గంటకు ఒకటి నుంచి మూడంగుళాలు దిగితే బంగారం. అంగుళం లోపైతే ఎత్తు మడులు తప్పవు. నాలుగైదు అంగుళాలు దిగిపోతే మీది గులక నేల. మీకు ఎరువు పట్టి ఉంచుకోవడమే సమస్య, నీరు నిలవడం కాదు.

ఉత్తరాన ఉన్నవాళ్లు రెండడుగుల లోతు మట్టి మీద కొంచెం వెనిగర్ చుక్కలు వేసి చూడండి. బుసబుసమంటే సున్నం ఉన్నట్టే.

పులుపు పరీక్ష, సీసం పరీక్ష

పది పన్నెండు చోట్ల ఆరంగుళాల లోతు మట్టి తీసి, ప్లాస్టిక్ బకెట్లో కలిపి, నీడన ఆరబెట్టి, రెండు గుప్పిళ్లు పరీక్షకు పంపండి. జింకు పూత బకెట్ వాడకండి, లెక్కలు తప్పుతాయి. ఎక్కడికి పంపాలి, ఎలా పంపాలి అనేదానికి కార్నెల్ కోఆపరేటివ్ ఎక్స్‌టెన్షన్ వారి టాంప్‌కిన్స్ కౌంటీ ఆఫీసును అడగండి, ఇథాకాలోనే ఉంది. మన దగ్గర రైతు సేవా కేంద్రానికో, కృషి విజ్ఞాన కేంద్రానికో వెళ్లినట్టే ఇక్కడ దీనికి వెళ్లాలి.

కూరగాయలకు పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 6.2 నుంచి 6.8 మధ్య ఉంటే చాలు. ఉత్తరపు నేలలు చాలావరకు అక్కడే ఉంటాయి. ఆ నేలకు మీ దక్షిణాది మిత్రుడు చెప్పాడని సున్నం పోస్తే పనిగట్టుకుని పాడు చేసుకున్నట్టు. దక్షిణపు కొండల మీద ఎవరూ సున్నం వేయని నేలైతే పీహెచ్ 5 చుట్టుపక్కల ఉండొచ్చు. సున్నపురాయి పొడి కావాలి, ఎంత అనేది పరీక్ష చీటీ చెబుతుంది. ఎంత చెప్పినా వంద చదరపు అడుగులకు ఒక దఫాలో 5 పౌండ్లకు మించకుండా, శరదృతువులో వేయండి. పని చేయడానికి నెలలు పడుతుంది. జిప్సం వేస్తే పులుపు తగ్గదు, మన చౌడు నేలల అలవాటుతో కొనుక్కొచ్చిన వాళ్లను చూశాను.

పుల్లటి నేల దొరికిందని దిగులు పడక్కర్లేదు. బ్లూబెర్రీకి పీహెచ్ 4.5 నుంచి 5 దాకా కావాలి, బంగాళాదుంపకు 5.5 లోపు ఉంటే పైన గజ్జి మచ్చలు తక్కువ. ఒక మూల సున్నం వేయకుండా వీటికి వదిలేయండి.

ఇల్లు 1978కి ముందు కట్టిందైతే సీసం పరీక్ష కూడా చేయించండి. ఆ ఏడు ఇళ్ల రంగుల్లో సీసాన్ని నిషేధించారు. అంతకుముందు గోడలకు వేసిన రంగు రాలి, ఇంటి చుట్టూ నాలుగైదు అడుగుల మట్టిలో చేరి ఉంటుంది. తోటకూర, కొత్తిమీర వంటింటి కిటికీ కిందే వేయాలని మనకు ఉబలాటం. పాత ఇంట్లో ఆ చోటే అన్నిటికన్నా చెడ్డది.

పదును చూసి పార పట్టండి

అదను, పదును అని మన పెద్దలు రెండు మాటలు అన్నారే, ఈ కౌంటీలో రెండోది ముందు. పిడికెడు మట్టి తీసి పిసకండి. బొటనవేలితో నొక్కితే ఉండ పొడిపొడిగా రాలాలి. రాలకుండా వేలిముద్ర పడిందంటే పార లోపల పెట్టేయండి. తడిలో తవ్విన బంకమట్టి పెళ్లలు కట్టి ఆ ఏడాదంతా అలాగే ఉంటుంది. బయట ఎండ ఎంత బాగున్నా సరే. నా స్నేహితుడొకడు ఏప్రిల్‌లో అద్దెకు తెచ్చిన దున్నే యంత్రం ఆ రోజే తిప్పాలని పట్టుబట్టి, సెప్టెంబరు దాకా ఇటుక ముక్కల మధ్య టమాటాలు పెంచాడు.

నీరు నిలిచే నేలకు నేను నమ్మింది ఎత్తు మడులే. చెక్క పెట్టెలు కొనక్కర్లేదు. మూడున్నర అడుగుల వెడల్పు గుర్తు పెట్టుకుని, రెండు పక్కల దారుల్లోని పై మట్టి తీసి మడి మీదకు ఎత్తండి. మిరపకు బోదెలు తోలినట్టే, కాస్త వెడల్పుగా. ఎనిమిది నుంచి పన్నెండు అంగుళాల ఎత్తు వస్తే గట్టిపొర మీది నీటికీ వేళ్లకూ అంతమేర దూరం పెరిగింది. మడి త్వరగా ఆరుతుంది, ఆరిన మట్టి త్వరగా వేడెక్కుతుంది. తడి మట్టిని వేడి చేయడం అంటే ముందు ఆ నీటినంతా వేడి చేయడం. తెల్లారి కుండలో నీళ్లు కాచినవాళ్లకు చెప్పక్కర్లేదు. మడులు వాలుకు అడ్డంగా వేయండి, పై నుంచి పాకే నీరు పక్కకు పోయేలా ఎగువన ఒక చిన్న కాలువ తీయండి.

పైన రెండంగుళాల చివికిన ఎరువు. గుర్రపు పెంట ఇక్కడ అడిగితే ఉత్తినే ఇస్తారు, కానీ ఆ గుర్రాలు తిన్న గడ్డిపై కొట్టిన కలుపు మందు పెంటలోనూ చావకుండా ఉండిపోవచ్చు. ఒక కుండీలో మట్టి, పెంట సగం సగం కలిపి బీన్స్ గింజలు నాలుగు వేసి మూడు వారాలు చూడండి. ఆకులు గరిటెలా ముడుచుకుంటే ఆ పెంట వద్దు. చెట్ల ఆకులు రాలే రోజుల్లో పోగుచేసి కుళ్లబెట్టుకుంటే ఈ తంటా ఉండదు.

అదను: గాలిని కాదు, మట్టిని కొలవండి

పది పదిహేను డాలర్లు పెట్టి మట్టి థర్మామీటర్ కొనండి. మూడంగుళాల లోతున, పొద్దున్నే, వరసగా నాలుగు రోజులు చూడండి. 45 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 7 సెల్సియస్ దాటితే బఠాణీ, పాలకూర వేయొచ్చు. మెంతి, ధనియాలు ఇంకో పది రోజులు ఆగి. 60 వస్తే బీన్స్. బెండ, బీర, కాకరకు 65 నుంచి 70, అంతకు తగ్గితే గింజ దండగ. నల్ల ప్లాస్టిక్ పట్టా రెండు వారాల ముందు పరిస్తే మడి ఇంకొన్ని డిగ్రీలు ముందుకు జరుగుతుంది.

మొక్కల్ని చంపే ఆఖరి మంచు సాధారణంగా మే మధ్య నుంచి మూడో వారం దాకా, తొలి మంచు సెప్టెంబరు చివర లేదా అక్టోబరు మొదట్లో. ఇక్కడి రైతులు మే ఆఖరి సోమవారం వచ్చే మెమోరియల్ డేని గుర్తుగా పెట్టుకుంటారు. అది సరిగ్గా మన రోహిణి కార్తె మొదలయ్యే రోజులు. అక్కడ రోళ్లు పగిలే ఎండలో మామిడికాయ ముక్కలు కొడుతుంటే, ఇక్కడ మనం వంగ నారును భయం భయంగా బయటపెడతాం. కాబట్టి వంగ, మిరప మార్చి చివర్లో, టమాటా ఏప్రిల్ మధ్యలో ఇంట్లోనే నారు పోసుకోండి. బీర, కాకర, దోస గింజల్ని మే మొదట్లో చిన్న కుండీల్లో మొలిపించండి.

ఈ తేదీలు ఇథాకా ఊరివి. చల్లగాలి నీళ్లలా పల్లానికి జారుతుంది కాబట్టి డ్రైడెన్ వైపు లోయ అడుగున మంచు ముందుగా కొడుతుంది, వాలు నడుమ ఉన్నవాడు బతికిపోతాడు. సరస్సు ఒడ్డున శరదృతువు ఆలస్యంగా వస్తుంది. 435 అడుగుల లోతు నీళ్లు వేసవి వేడిని అంత తేలిగ్గా వదలవు. అక్కడ ద్రాక్ష తోటలు నిలబడింది దాని దయ వల్లే. పళ్ల చెట్లు కొనేటప్పుడు మాత్రం, ఎక్కడ చలి ఎంత దిగుతుందో చెప్పే చలి మండలాల పటం, 2023లో వచ్చినది, చూడండి. కౌంటీలో ఎక్కువ భాగం 5బి, 6ఎ మండలాలు.

పగటి పొడవు చేసే మోసం

నీరు సర్దుకున్నారు, వేడి చూసుకున్నారు, చిక్కుడు పందిరంతా అల్లుకుంది. జూలై పోయింది, ఆగస్టు పోయింది, ఒక్క పువ్వు లేదు. తప్పు మట్టిది కాదు. జూన్‌లో గుంటూరులో పగలు 13 గంటలైతే ఇక్కడ 15 గంటల పైనే. మన సంప్రదాయ చిక్కుడు, కంది, గోంగూర పగలు తగ్గితేనే పూస్తాయి. ఆ తగ్గుదల ఇక్కడ సెప్టెంబరులో వస్తుంది, దాని వెనకే మంచు. చిక్కుడు వేయాలంటే పగటితో పనిలేకుండా పూసే పొట్టి రకం అడిగి తెచ్చుకోండి. గోంగూరకు ఇదే వరం, పూత లేక ఆకు మీద ఆకు వస్తూనే ఉంటుంది. పచ్చడి జాడీలు నింపుకోండి. ఉల్లి దీనికి తిరగబడ్డ కథ. మన రకాలు కొద్దిపాటి పగటికే గడ్డ కట్టేస్తాయి, ఇక్కడ మేలోనే గోళీకాయలంత గడ్డలు పెట్టి ఊరుకుంటాయి. దీర్ఘ పగటి రకాలని రాసి ఉన్న నారే కొనండి.

కొత్తిమీర, పాలకూర జూన్ పగటికి పూతకొచ్చేస్తాయి, ఆగస్టు మధ్యలో మళ్లీ చల్లుకుంటే అక్టోబరు దాకా కోయొచ్చు. తోటకూర, బచ్చలి నడి వేసవికి. గింజలు ఇండియా నుంచి సూట్‌కేసులో తెచ్చుకోవడానికి పత్రాలు కావాలి, లేకపోతే విమానాశ్రయంలోనే తీసేస్తారు. ఇక్కడే మన కూరల గింజలు అమ్మేవాళ్లు ఉన్నారు.

జింకలకు ఎనిమిదడుగుల కంచె, మీకు సాయంత్రం ఒళ్లంతా పిడుదుల తనిఖీ. అవి కుట్టి అంటించే లైమ్ జబ్బు ఈ ప్రాంతంలో ఉంది కాబట్టి ఇది సరదాకి చెప్పడం లేదు.

మంచు పడే ముందు

అక్టోబరు మధ్యలో వెల్లుల్లి రెబ్బలు రెండంగుళాల లోతున గుచ్చి, పైన అరచేతి మందం గడ్డి కప్పండి. కప్పకపోతే నేల గడ్డకట్టి కరుగుతూ రెబ్బల్ని పైకి నెట్టేస్తుంది. తీయడం జూలై మధ్యలో. ఖాళీ మడుల్లో ఆగస్టు చివర ఓట్స్ చల్లండి. చలికి అవే చచ్చి దుప్పటిలా పడుకుంటాయి, వసంతంలో దున్నే పని లేదు. వింటర్ రై అనే ధాన్యం చల్లితే అది చావదు. తడి నేలలో ఏప్రిల్‌లో దాన్ని చంపడం పెద్ద యాతన, కొండల మీద వాళ్లు దాని జోలికి పోకపోవడం మేలు.

మార్చి చివర్లో మంచు కరిగేటప్పుడు పొద్దున టీ గ్లాసు పట్టుకుని పెరడంతా ఒక చుట్టు తిరగండి. ఎక్కడ ముందు మట్టి కనిపించిందో, ఎక్కడ చివరి దాకా నీరు మెరిసిందో కాగితం మీద గీసి పెట్టుకోండి. ముందు ఆరిన చోట బఠాణీ వేయండి. చివర ఆరిన చోట ఇంకో ఆరంగుళాలు మట్టి ఎత్తండి, లేదా అక్కడ గడ్డినే ఉండనివ్వండి.